మధుమేహముగలవారికి మఱువరాని పరీక్ష

మధుమేహము మన కుటుంబములలోనికి చుట్టమువలె వచ్చి యింటిమనిషివలె నిలిచిపోయినది. భారత వైద్య పరిశోధన మండలివారు జరిపించి 2023వ సంవత్సరమున ప్రకటించిన లెక్కలనుబట్టి మన దేశమున 10 కోట్లకు పైబడిన జనులకు ఈ వ్యాధి గలదు. అందువలన దీనినిగూర్చి మన స్త్రీలకు తెలియని సంగతులు తక్కువ. పరగడుపున నెత్తురు పరీక్షించుట, అన్నమును కొలిచి వడ్డించుట, కాలివ్రేళ్ల సందున పుండు పడకుండ చూచుకొనుట, ఏటేట కన్నులు చూపించుకొనుట, ఇవి యన్నియు అక్షరము రాని ముసలమ్మలు గూడ నేడు చెప్పగలరు. కాని యీ వరుసలో చేరవలసిన పరీక్ష మరియొకటి గలదు. అది గొంతు ముందువైపున నున్న థైరాయిడ్ గ్రంథికి సంబంధించినది. దానిని అడిగి చేయించుకొనువారు కొలదిమంది.

అడుగకపోవుటవలన కలుగు నష్టము రోగి శరీరముతో నాగదు. ఆమె మాటకు గల విలువను గూడ నది హరించును. ఎట్లన, చక్కెర యదుపు తప్పినప్పుడు మన యిండ్లలో మొట్టమొదట వినబడు మాట "చాటుగా ఏదో తినియుండును" అని. ఒళ్లు బరువెక్కినచో "కూర్చుండి తినుటవలన" అని. అలసట యని చెప్పుకొన్నచో "షుగరు గలవారికి అది మామూలే" అని. ఈ మాటలు ఒక్కొక్కప్పుడు నిజము కావచ్చును. నిజము కానప్పుడు మాత్రము ఒక వ్యాధి మరియొక వ్యాధి చాటున దాగి సంవత్సరముల తరబడి పెరుగును. నింద మాత్రము రోగిష్ఠిపై మిగులును. ఆ చాటున దాగినదానిని కనుగొను మార్గమును సోదరీమణులకు విన్నవించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

గ్రంథి యెట్టిది?

థైరాయిడ్ గ్రంథి రెక్కలు విప్పిన సీతాకోకచిలుక యాకారమున శ్వాసనాళముపై నంటియుండును. పెద్దవారిలో దీని తూకము సుమారు 20 గ్రాములు, అనగా రెండు తులములకు లోపు. తెలుగు శాస్త్రగ్రంథములలో దీనినే అవటు గ్రంథి యందురు. 1656వ సంవత్సరమున థామస్ వార్టన్ అను నాంగ్లేయ వైద్యుడు డాలు అను నర్థము వచ్చు గ్రీకు పదమునుండి దీనికి థైరాయిడ్ అని పేరిడెను.

ఇంత చిన్న గ్రంథి చేయు పని మాత్రము చిన్నది కాదు. మనము తిను నుప్పులోను, చేపలు మొదలగువానిలోను గల అయోడినును గ్రహించి ఇది థైరాక్సిన్ మొదలగు హార్మోనులను తయారుచేసి నెత్తురులోనికి వదలును. శరీరమను వంటయింటిలో పొయ్యిమంటను హెచ్చించుటయు, తగ్గించుటయు వీని పని. గుండె యెంత వేగముగ కొట్టుకొనవలెను, అన్న మెంత త్వరగా జీర్ణము కావలెను, ఒంటిలో వేడి యెంత యుండవలెను, పసివారు ఏ మాత్రము ఎదుగవలెను, ఇవి యన్నియు ఆ మంట ననుసరించి యుండును.

ఆ మంటను కనిపెట్టియుండు యజమానురాలు వేరొకచో నున్నది. ఆమెయే మెదడు క్రింద నున్న పీయూష గ్రంథి. థైరాక్సిన్ తగ్గినట్లు తోచగానే పీయూష గ్రంథి టీ.ఎస్.హెచ్. అను వేరొక హార్మోనును పంపి "ఇంకను చేయుము" అని థైరాయిడును హెచ్చరించును. థైరాక్సిన్ మిక్కుటమైనచో నోరు మూసికొని యూరకుండును. కావుననే టీ.ఎస్.హెచ్. లెక్క పెరిగినదనగా థైరాయిడ్ పని తగ్గినదనియు, అది మిక్కిలి పడిపోయినదనగా థైరాయిడ్ మితిమీరి పనిచేయుచున్నదనియు అర్థము. చీటిపై అంకె పెద్దదిగా నుండుట చూచి "నాకు థైరాయిడ్ ఎక్కువైనది" అని చెప్పుకొను సోదరీమణులు పెక్కుమంది గలరు. వారికి నిజముగ నున్నది లోపము. ఎక్కువైనది యజమానురాలి కేక మాత్రమే.

గ్రంథి మందగించినచో ఒళ్లు బరువెక్కుట, చలికి తాళలేకుండుట, మలబద్ధము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, ముఖము ఉబ్బుట, నెలసరి యధికమగుట లేక క్రమము తప్పుట, మరపు, నిరుత్సాహము కలుగును. మితిమీరినచో తిన్నను చిక్కిపోవుట, గుండెదడ, చేతివణకు, చెమట, నిద్రలేమి, చిరాకు, కొందరికి కన్నులు ముందుకు ఉబ్బుట కలుగును. స్త్రీలకు ఈ వ్యాధులు పురుషులకన్న అనేక రెట్లు హెచ్చుగా వచ్చును.

ఇచ్చట నొక చిక్కు గలదు. అలసట, బరువు మారుట, చూపు మందగించుట, కాళ్లు తిమ్మిరెక్కుట, మనసు కలత చెందుట మధుమేహములోను గలవు. తిన్నను చిక్కిపోవుట చక్కెర మితిమీరినప్పుడు గూడ గలదు. కావున మధుమేహము గలదని ముందే తెలిసిన యింటిలో కొత్త లక్షణము ఏది కనబడినను, తెలిసిన వ్యాధికే దానిని కట్టబెట్టుట సహజము. తెలియని దొంగను వదలి తెలిసినవానినే మరల మరల పట్టుకొన్నట్లు.

ఉప్పుతో తీరినది, ఉప్పుతో తీరనిది

మధుమేహమును, గలగండమును మన పూర్వులు ఎరుగనివి కావు. చరక సుశ్రుత సంహితలలో రెండింటి వర్ణనయు గలదు. కాని యీ రెండింటిని కలుపు దారము ఇరువదవ శతాబ్దమునకు గాని కానరాలేదు.

థైరాయిడ్ వ్యాధి యనగానే "ఉప్పులో అయోడిన్ చాలకపోవుటవలన" అని తలచువారు మనలో హెచ్చు. ఒకప్పుడు అది చాలవరకు నిజమే. హిమాలయ పాదములందలి పల్లెలలో గొంతు వాచిన స్త్రీపురుషులు వేలకొలది యుండిరి. శ్రీకాకుళమున 1921వ సంవత్సరమున జన్మించిన వులిమిరి రామలింగస్వామిగారు, వారి సహచరులు 1956వ సంవత్సరము మొదలు కాంగ్రా లోయలో కొన్ని గ్రామములకు అయోడిన్ కలిపిన యుప్పును, కొన్నిటికి మామూలు ఉప్పును పంపి ఫలితములను పోల్చిచూచిరి. అయోడిన్ ఉప్పు తిన్నచోట గలగండము ఏటేట తగ్గిపోయెను. 1962వ సంవత్సరమున గలగండ నివారణకై దేశవ్యాప్తమైన ప్రణాళిక యారంభమయ్యెను. మన తెలుగువాడొకడు ఇంత మేలుచేసెనని చెప్పుకొనుట మనకు గర్వకారణము.

ఉప్పులో అయోడిన్ చాలినంత యున్నచోటగూడ థైరాయిడ్ లోపము మాసిపోలేదు. హైదరాబాదు, చెన్నపట్టణము మొదలగు 8 నగరములలో ఐదువేలకు మించిన పెద్దలను పరీక్షించి 2013వ సంవత్సరమున ప్రకటించిన ఫలితములనుబట్టి నూటికి సుమారు 11 మందికి ఈ లోపము గలదు. దీనికి కారణమేమి? 1912వ సంవత్సరమున హకారు హషిమోటో అను జపాను వైద్యుడు నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులను సూక్ష్మదర్శినితో చూచి, వానినిండ నెత్తురులోని తెల్లకణములు చేరియుండుట గమనించి వ్రాసిపెట్టెను. అవి యచ్చట నేల చేరినవో 1956వ సంవత్సరమున గాని తేలలేదు. శత్రువులనుండి శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే పొరబడి, తన గ్రంథినే శత్రువుగా నెంచి కొట్టుచున్నదని ఆ యేట లండనులోని పరిశోధకులు కనుగొనిరి. కంచెయే చేను మేసిన చందమిది.

ఇక మధుమేహము మాట. చిన్నతనముననే వచ్చి మొదటినుండి ఇన్సులిన్ సూదిపై నడచు మధుమేహమును టైప్ 1 అందురు. పెద్దవారికి గూడ నిది రావచ్చును. ఇందును అదే పొరపాటు జరుగును. రక్షకశక్తి క్లోమములోని ఇన్సులిన్ చేయు కణములను నాశముచేయును. ఒకచోట పొరబడిన కాపలావాడు రెండవచోట పొరబడుట వింత కాదు. కావుననే టైప్ 1 మధుమేహము గలవారిలో నూటికి 17 మొదలు 30 మందివరకు థైరాయిడుపై గూడ ఇట్టి దాడి జరుగుచున్నదని వైద్యసంఘములు చెప్పుచున్నవి. అందరికిని వెంటనే లోపము కనబడదు. కొందరికి ఏండ్ల పిమ్మట గాని బయటపడదు.

మన యిండ్లలో హెచ్చుగా నుండు టైప్ 2 మధుమేహమునకు ఈ కారణము లేదు. అది వంశము, ఒంటిబరువు, వయస్సు, శ్రమ తగ్గుట మున్నగువానివలన వచ్చును. ఐనను నడివయసు దాటిన స్త్రీలలో థైరాయిడ్ లోపము స్వతస్సిద్ధముగనే హెచ్చు గావున, ఈ రెండును ఒకరిలోనే కూడుకొనుట తరచుగ జరుగును.

చక్కెరను అది ఎట్లు మార్చును?

థైరాయిడ్ మితిమీరినప్పుడు పేగులు చక్కెరను త్వరగా పీల్చును. కాలేయము తన కొట్టులోని చక్కెరను ధారాళముగ నెత్తురులోనికి విడచును. ఇన్సులిన్ త్వరగా ఖర్చగును. కావున నిన్నటి భోజనమే, నిన్నటి మందే యైనను చక్కెర పైకెక్కును. దాచి తినకపోయినను తిన్నదన్న నింద ఇట్లు వచ్చును.

థైరాయిడ్ మందగించినప్పుడు దీనికి విరుద్ధముగ జరుగును. ఇన్సులిన్ శరీరములో మెల్లగా కరగుటచే, అలవాటైన మోతాదే యెక్కువై చక్కెర హఠాత్తుగ పడిపోవును. చెమటలు, వణకు, కన్నులు చీకట్లు క్రమ్ముట, సొమ్మసిల్లుట కలుగును. ఇది ప్రాణాంతకము గావచ్చును. ఇదిగాక నెత్తురులో చెడు కొలెస్టరాల్ పెరుగును. మధుమేహముచే ముందే బరువుమోయుచున్న గుండెకు ఇది మరియొక మూట. మూడు నెలల చక్కెర సగటును తెలుపు హెచ్.బి.ఏ.వన్.సి. పరీక్షలో గూడ, చికిత్సలేని థైరాయిడ్ లోపమున అంకె ఉన్నదానికన్న హెచ్చుగ కనబడుట గలదు. ఆ యంకెను మాత్రమే నమ్మి మందు పెంచినచో చిక్కు రెట్టింపగును.

మా వారు పనిచేయు పాఠశాలలో నొక బాలికకు తొమ్మిదవ యేటనుండి ఇన్సులిన్ సూది గలదు. పదమూడవ యేట నాపిల్లకు ఒక నెలలో నాలుగుమారులు తరగతిలోనే చెమటలు పట్టి కన్నులు తేలిపోయెను. ఉపాధ్యాయులు పంచదార నీళ్లు త్రాగించి తేర్చిరి. ఇన్సులిన్ కొలత మారలేదు, అన్నము మారలేదు. బంధువులలో కొందరు తల్లి సూదిమందు హెచ్చుగ నిచ్చుచున్నదనిరి. కొందరు పిల్ల బడి తప్పించుకొనుటకు వేషము వేయుచున్నదనిరి. తల్లి మాత్రము కొలత వ్రాసిన పుస్తకమును చేతబట్టుకొని వైద్యురాలియొద్దకు బోయెను. ఆ వైద్యురాలు పుస్తకమునంతయు చూచి, చక్కెర మాట విడిచి, "అమ్మా, పిల్లకు బట్టలు పొట్టియగుచున్నవా?" అని యడిగెను. తల్లి యాలోచించి, పోయిన ఉగాదికి కుట్టించిన పరికిణీ ఈ యుగాదికిని చీలమండలనే తాకుచున్నదనియు, బట్ట కలిసివచ్చినదని తాను సంతోషించితిననియు చెప్పెను. వెంటనే టీ.ఎస్.హెచ్. పరీక్ష జరిగెను. అంకె మిక్కిలి హెచ్చుగ నుండెను. మాత్ర యారంభమయ్యెను. ఇన్సులిన్ కొలతను వైద్యురాలే మొదట తగ్గించి, మాత్ర పనిచేసిన పిమ్మట మరల క్రమముగ పెంచెను. తరగతిలో పడిపోవుట తగ్గెను. మరుసటి యుగాదికి ఆ పరికిణీ నాలుగు వ్రేళ్లు పొట్టియైనది.

ఎదుగు పిల్లలుగల తల్లులు ఈ యొక్క ప్రశ్నను గుర్తుంచుకొన్నను చాలును. టైప్ 1 మధుమేహము గల బిడ్డకు ఎత్తు ఆగిపోవుట, కారణము లేక చక్కెర పడిపోవుచుండుట, ఈ రెండును థైరాయిడ్ లోపమునకు గురుతులు.

ఎవరికి, ఎప్పుడు?

టైప్ 1 మధుమేహము గల పిల్లలకు, వ్యాధి బయటపడి చక్కెర కుదుటపడిన వెంటనే టీ.ఎస్.హెచ్. పరీక్షయు, గ్రంథిపై దాడిచేయు ప్రతిరక్షకములు గలవో లేవో తెలుపు పరీక్షయు చేయించవలెనని అమెరికా మధుమేహ సంఘమువారి సూచన. అంతయు బాగుగ నున్నను ఒకటి రెండేండ్లకొకమారు టీ.ఎస్.హెచ్. మరల చూడవలెను. ప్రతిరక్షకములు కనబడినను, గొంతు వాచినను, ఎదుగుదల తగ్గినను, చక్కెర కారణము లేక పైకి క్రిందికి ఊగినను అంతకన్న ముందుగనే చూడవలెను. టైప్ 1 గల పెద్దలకును మొదట నొకమారు, పిమ్మట అప్పుడప్పుడు ఈ పరీక్ష యవసరము.

టైప్ 2 గలవారి కందరికి ఏటేట చేయవలెనను నియమము లేదు. వ్యాధి బయటపడినప్పు డొకసారి చూచుకొనుట మంచిదని యనేక వైద్యుల యభిప్రాయము. అటుపై గొంతు వాపు, పైన చెప్పిన లక్షణములు, తగ్గని కొలెస్టరాల్, కుటుంబములో థైరాయిడ్ వ్యాధి, ఏబదేండ్లు దాటిన వయస్సు, ఇట్టివి గలవారు వైద్యుని అడిగి చేయించుకొనవలెను.

గర్భము ధరింపదలచిన, ధరించిన మధుమేహవతులు దీనిని మరువనేరాదు. మొదటి నెలలలో గర్భస్థశిశువు తల్లి థైరాక్సిన్ పైననే యాధారపడియుండును. శిశువు మెదడు వికసించుటకు అది యావశ్యకము. టైప్ 1 గల స్త్రీలకు ప్రసవానంతరము థైరాయిడ్ వాచి పని చెడుట ఇతర బాలింతలకన్న సుమారు మూడు రెట్లు హెచ్చు. మొదట గుండెదడ, చిరాకు. కొన్ని నెలలకు అలసట, దిగులు, పాలిచ్చు తల్లి కన్నీరు పెట్టుకొనుట. దీనిని "బాలింత గుణము" అని త్రోసివేయు అత్తలును, అమ్మలును ఒక్క నెత్తురు పరీక్షతో ఆ పడుచుకు న్యాయము చేయవచ్చును.

పరీక్షకు పోవునప్పుడు

ఈ పరీక్షకు వేరుగ ఉపవాసము అవసరము లేదు. చక్కెర పరీక్షకు తీయు నెత్తురుతోడనే దీనిని గూడ చేయవచ్చును. ఇదివరకే థైరాయిడ్ మాత్ర మ్రింగువారు ఆనాడు నెత్తురిచ్చిన పిమ్మట మ్రింగుట మేలు.

పెక్కు పరీక్షాలయములలో పెద్దలకు టీ.ఎస్.హెచ్. 0.4 మొదలు 4 లేక 4.5 వరకు మామూలుగా నెంచుదురు. గర్భిణులకు, పిల్లలకు, వృద్ధులకు లెక్కలు వేరు. టీ.ఎస్.హెచ్. మార్పు కనబడినప్పుడు థైరాక్సినును గూడ, అనగా ఫ్రీ టీ4 అను పరీక్షను, చూచి వైద్యులు నిర్ణయింతురు.

తీవ్రమైన జ్వరముతోనో, చక్కెర మితిమీరి కీటోను విషము ప్రబలినప్పుడో ఆసుపత్రిలో నుండగా చేసిన థైరాయిడ్ పరీక్ష తరచుగ తప్పుదారి పట్టించును. శరీరము కుదుటపడిన పిమ్మట చేయుట మంచిది. జుట్టు రాలుచున్నదని బయోటిన్ మాత్రలు మ్రింగు స్త్రీలు నేడు హెచ్చు. ఆ మందు కొన్ని యంత్రములను మోసగించి, లేని థైరాయిడ్ ఉద్రేకమును ఉన్నట్లు చూపును. పరీక్షకు రెండు దినముల ముందుగ దానిని మానివేసి, ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ వలన గూడ కొందరిలో టీ.ఎస్.హెచ్. కొంచెము తగ్గుట గలదు గావున, మ్రింగు మందులన్నిటి పేర్లును చీటిపై వ్రాసికొని పోవుట వివేకము.

అంకె గీటు దాటగానే జీవితాంతము మాత్ర తప్పదని భయపడవలదు. థైరాక్సిన్ సరిగా నుండి టీ.ఎస్.హెచ్. కొంచెమే పెరిగినవారిలో కొందరికి రెండు మూడు నెలలలో అది తనంతట దిగును. మరల చూచిన పిమ్మటనే మందు విషయము వైద్యులు తేల్చెదరు. అక్కరలేని మాత్ర మ్రింగుటవలన గుండె లయ తప్పుటయు, ఎముకలు పలుచనగుటయు కలుగును. ముఖ్యముగ ముసలివారియెడ తొందర కూడదు.

మాత్ర, వంటయిల్లు

థైరాయిడ్ లోపమునకు చికిత్స ఇన్సులినుకన్న ముందే దొరికినది. 1891వ సంవత్సరమున ఇంగ్లండులో జార్జి ముర్రే అను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ రసమును ఒక స్త్రీకి సూదిగా నిచ్చి ఆమెను బ్రతికించెను. ఆమె యా పిమ్మట 28 ఏండ్లు జీవించెను. 1914వ సంవత్సరమున అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సినును వేరుపరచెను. 1927వ సంవత్సరమున దానిని రసాయనశాలలో తయారుచేయగలిగిరి. ఇన్సులినును రోగికి మొదట నిచ్చినది 1922వ సంవత్సరమున. నేడు వైద్యులు వ్రాయు లీవోథైరాక్సిన్ మాత్ర మన గ్రంథి చేయు హార్మోను వంటిదే. కావున "దీనికి అలవాటు పడిపోదురు" అను మాట సరికాదు. ఒంటిలో తగ్గినదానిని తిరిగి పూరించుట అది.

ఈ మాత్రను తెల్లవారి పరగడుపున మంచినీళ్లతో మ్రింగి, అరగంట మొదలు గంటవరకు కాఫీగాని, ఫలహారముగాని ముట్టరాదు. ఇనుము, కాల్షియం మాత్రలకును దీనికిని నాలుగు గంటల యెడముండవలెను. ఇక్కడనే మన స్త్రీలు తప్పుదారి పట్టుదురు. తెల్లవారుజామున లేచి అందరికిని కాఫీ కలుపుచు తామును ఒక గుక్క త్రాగి, అదే చేతితో మాత్రలన్నియు ఒక్కసారి నోట వేసికొందురు. మందు వ్యర్థమగును, అంకె దిగదు, వైద్యుడు మోతాదు పెంచును. నీళ్ల చెంబును, మాత్రను పడక ప్రక్కనే పెట్టుకొన్నచో ఈ చిక్కు తీరును. ఇంటివారు కాఫీ కొరకు అరగంట తాళుటవలన లోకము మునుగదు.

మోతాదు మార్చిన పిమ్మట ఆరు మొదలు ఎనిమిది వారములకు మరల పరీక్ష చేయించవలెను. ఈ హార్మోను మెల్లగా పనిచేయునది గావున అంతకుముందు చూచిన అంకె నిజము తెలుపదు. థైరాయిడ్ చికిత్స మొదలైనప్పుడు చక్కెరను మామూలుకన్న తరచుగ చూచుకొనవలెను. లోపము పూరింపబడుచుండగా ఇన్సులిన్ అవసరము పెరుగవచ్చును; ఉద్రేకము అణగుచుండగా అవసరము తగ్గి చక్కెర పడిపోవచ్చును. ఏ మార్పైనను వైద్యుని యనుమతితో చేయవలెను గాని పొరుగింటి మాట విని కాదు.

గోటితో పోవుదానికి గొడ్డలి యేలనని మన పెద్దలు చెప్పుదురు. ఏండ్లకొకసారి తీసిన నాలుగు చుక్కల నెత్తురుతో తెలియు వ్యాధిని, గుండె అలసి, ఎదుగుదల ఆగి, గర్భము నిలువక పోయిన పిమ్మట గాని గుర్తింపకుండుట మనవంటి చదువరులకు తగదు. సోదరీమణులారా! మీ యింట మధుమేహము గలవారి చక్కెర లెక్కలు వ్రాయు పుస్తకము ఏదో ఉండియే యుండును. నేడే దాని మొదటి పుటపై "థైరాయిడ్ పరీక్ష, చేయించిన తేది, అంకె, మరల చేయించవలసిన తేది" అని మూడు గడులు గీయుడు. అవి ఖాళీగా నున్నచో రాబోవుమారు వైద్యునియొద్ద ఆ మాట మీరే యెత్తుడు. చక్కెర తప్పినవారిని "ఏమి తింటివి?" అని యడుగుటకు ముందు ఆ గడులను చూచుట యలవరచుకొనుడు.